హాస్టల్లో దిష్టి మిరపకాయలు

ఆ రోజుల్లో, అంటే పెళ్లికి ముందు నేను ఇంగ్లండులో చదువుకుంటున్న రోజుల్లో, నా ధైర్యాన్ని బాన్సువాడ బస్టాండులోనే మరిచిపోయి వచ్చానేమో అనిపించేది. చలికాలం అక్కడ నాలుగింటికే పొద్దుగూకుతుంది. లైబ్రరీ నుంచి హాస్టలుకు ఆ చీకటి దారిన ఒంటరిగా రావాలంటే భయమేసేది. ఈ మాట ఫోన్లో పొరపాటున అమ్మతో అన్నాను. ఆమె అప్పటికే టీవీలో ఎవరో విద్యార్థిని మీద దాడి జరిగిందన్న వార్త చూసి కూర్చుంది. (ఏ దేశమో చూడలేదు. విదేశమంటే అమ్మకు అంతా ఒకటే వీధి.)

"నీకు దిష్టి తాకింది బిడ్డా. ఇయ్యాల్నే తీయించుకో. భయం పోకుంటే సదువు వద్దు ఏం వద్దు, ఇంటికి రా."

"టికెట్ నేను చేపిస్త," అన్నాడు వెనక నుంచి నాన్న. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

"నేనే తీసుకుంటలే అమ్మా."

"ఎవలి దిష్టి వాళ్లే తీసుకుంటరా ఏంది? పక్కోళ్లను పిలువు."

ఎదురు గది నైజీరియా అమ్మాయికి అంతవరకు తలూపడమే తప్ప నేను పలికింది లేదు. చదువు ఆగిపోతుందన్న భయంతో తలుపు కొట్టి, సంగతంతా చెప్పి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చేతిలో పెట్టాను. "మా అమ్మమ్మ కూడా ఇలాంటివి చేస్తుంది," అంటూ శ్రద్ధగా తిప్పింది. ఇద్దరం వాటిని వంటగదిలో పెనం మీద వేశాం. (మా ఇంట్లో ఈ పని వాకిట్లో చేస్తారు. కిటికీ సంగతి ఎవరికి తడుతుంది?)

పొగకు అలారం మోగింది. హాస్టలంతా దగ్గుతూ తుమ్ముతూ చలిలోకి దిగింది. సెక్యూరిటీ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ ఏం వండారని అడిగాడు.

"వంట కాదు, రక్షణ," అంది నైజీరియా అమ్మాయి. "లైబ్రరీ నుంచి ఒంటరిగా రావడానికి ఈమెకు భయం."

నవ్వుతారనుకున్నాను. తలకు తువ్వాలు చుట్టుకున్న చైనా అమ్మాయి మెల్లగా, "నాకూ భయమే," అంది. ఆ వెనక ఇంకెవరో. మర్నాటి నుంచి లైబ్రరీ గుమ్మం దగ్గర కలుసుకుని గుంపుగా నడిచాం. మలుపులో పాడైన లైటును పెద్దాయన బాగుచేయించాడు.

"ఘాటు అచ్చిందా?" అని ఆ రాత్రే ఫోన్లో అడిగింది అమ్మ. (ఘాటు రాకపోతే గట్టి దిష్టని మా లెక్క.)

"హాస్టల్ మొత్తం దగ్గుతుందమ్మా."

"అయితే దిష్టేం లేదు. సదువుకో ఇగ."

ఇప్పుడు నా బిడ్డ పక్కింటికి వెళ్లినా నా ప్రాణం ఇంగ్లండు దాకా పోయి వస్తుంది. రేపు దాన్ని మొదటిసారి బడిలో దింపాలి. దిష్టి తీయడానికి పక్కింటి వదినను రమ్మన్నాను. మిరపకాయలు తీసిపెట్టాను. కిటికీలు మాత్రం ఇప్పుడే తెరిచి ఉంచాను.