సైరన్ వైపు నడక

తెల్లవారితే బాలనర్సయ్య కొండ ఎక్కాల్సిందే. నూలు మిల్లు నడిచిన రోజుల్లో ఊరి పక్క గుట్ట ఎక్కేవాడు. మిల్లు మూతబడి ఊరు సగం ఖాళీ అయ్యాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన కూతురు హిమజతో కృష్ణానగర్ చేరి, ఇప్పుడు ఫిల్మ్ నగర్ వెనక రాళ్ల దారి పట్టాడు. ముప్పై ఏళ్లు యంత్రాల మోతలో నిలబడిన చెవులకు మామూలు మాట అందదు. పెదవులు చూసి జవాబిస్తాడు. నడుస్తున్నంతసేపూ అతని వేళ్లు తెగిన దారం ముడివేస్తున్నట్టు కదులుతూనే ఉంటాయి. ఎక్కడా పని లేకపోయినా నాలుగడుగులకోసారి గడియారం చూసుకుంటాడు. వెనక నడిచే భార్య కౌసల్య అతని వీపు మీదినుంచి చూపు తీయదు. పైన కొత్త ఆఫీసు కట్టడానికి బండలు పేలుస్తున్నారు మరి.

ఆ ఉదయం పేల్చేముందు సైరన్ మోగింది. నడకకు వచ్చినవాళ్లంతా కిందికి పరుగెత్తారు. బాలనర్సయ్య మాత్రం గేటు పాసు కోసం జేబు తడుముకుంటూ పైకి వేగం పెంచాడు. కౌసల్య ఉరికి, చొక్కా పట్టి లాగి, ఒక బండ చాటున కూర్చోబెట్టింది.

"ఏడికి పోతున్నవ్ గట్ల?"

"గేటు మూస్తరు," అన్నాడు ఆయాసపడుతూ.

పేలింది. రాతి ముక్కలు వచ్చి వాళ్ల ముందే రాలాయి. ఆమె అతని మొహాన్ని తనవైపు తిప్పుకుని, పెదవులు నెమ్మదిగా కదిపింది.

"మిల్లు మూసి ఆరేండ్లాయె."

"నాకెరుకే," అన్నాడు. అతని వేళ్లు ఆమె కొంగు అంచున ముడి వేస్తూనే ఉన్నాయి. "కాళ్లకెట్ల చెప్పాలె?"