సంఘం బియ్యం తిని పనికి వెళ్ళాను

నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక, మా చర్చిలో, స్త్రీల కూడికలో. అక్కడ నాచేత బిగ్గరగా చదివించిన మొదటి పాఠం అమెరికాలోని నల్లవాళ్ళ పాత చర్చి ఒకదాని గురించి. బస్సులో తెల్లవాళ్ళకు లేచి సీటివ్వమన్నందుకు వాళ్ళు ఆ బస్సులెక్కడమే మానేశారట. ఏడాది దాటేదాకా నడిచారట. మాట్లాడుకున్నదీ, చందాలు పోగుచేసి ఒకరినొకరు నిలబెట్టుకున్నదీ ఆ చర్చిలోనే.

చదివి ఊరుకుంటే పోయేది. మా సంఘంలో హిజ్లీలోని ఉద్యోగుల క్వార్టర్లలో ఇంటిపని చేసేవాళ్ళం ఆరుగురం. పనిచేసే ప్రతి ఇంట్లోనూ మాకు వేరే గ్లాసు. అది తీసేసేదాకా పనికి వెళ్ళబోమని కూడికలో చేతులెత్తాం. ముందు ఎత్తింది నేనే. వండినప్పుడల్లా ఆడవాళ్ళు దేవుడికని తీసిపెట్టే పిడికెడు బియ్యం పాస్టరమ్మగారు ఆ వారం మాకు పంచారు.

నేను పనిచేసే ఇంట్లో ముసలామెకు పక్షవాతం. నాకు వేరే గ్లాసు పెట్టించింది ఆవిడే. ఆమెను ఎత్తి కడగడం కోడలి ఒక్కదాని వల్ల కాదు. మూడో రోజు ఫోన్ చేసింది. "మాషీ, అత్తయ్యకి వీపు మీద పుండు పడింది" అని ఏడ్చింది. వాళ్ళ భాషలో మాషీ అంటే పిన్ని.

వెళ్ళకపోతే ఆ పుండు నా ప్రాణం తీస్తుంది. వెళ్తే సంఘం బియ్యం తిని మాట తప్పినదాన్ని. వెళ్ళాను.

తిరిగి వస్తుంటే ప్రేమ్ బజార్లో మా ఆరుగురిలో ఒకామె ఎదురైంది. నాకు వదిన వరస.

"ఎక్కడికెల్లినావే?"

"ముసల్దాన్ని కడిగొస్తన్నాను."

"గలాసు తీసేసినారేటి?"

"లేదు. నేనక్కడ నీళ్ళు ముట్టలేదు వదినా."

"అబ్బో, శానా గొప్ప పని సేసినావు. సాకిరీ వాళ్ళకి, దాహం నీకు. ఇంకేటి కావాల వాళ్ళకి?"



ఆదివారం కూడికలో లేచి నిలబడ్డాను. నేను మానలేను, నాకు బియ్యం పెట్టకండి అన్నాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. వదిన మాత్రం తల దించుకునే అంది:

"నువ్వు ఎల్తుంటే మేం పన్సేసే ఇళ్ళోళ్ళు మా మాటెందుకు ఇంటారే?"

అదే జరిగింది. వారం తిరక్కుండా మిగతా ఐదుగురూ ఒక్కొక్కరే పనిలోకి దిగారు. ఏ ఇంట్లోనూ ఏదీ మారలేదు. వదిన నాతో మాట్లాడుతుంది గానీ పక్కన నడవదు. పొద్దున్నే ఒకే రోడ్డున, ఒకే టైముకి, ఆమె ముందు, నేను వెనక వెళ్తాం.