నూరడుగుల లెక్క

నాయన పోయిన మరుసటి ఏడు చెల్లెలు పీయూసీ పరీక్షకు కూర్చోవాలి. భౌతికశాస్త్రం ఆమెకు కొరుకుడు పడేది కాదు. రోజూ సాయంత్రం వంటింటి గడప దగ్గర చాప వేసుకుని లెక్కలు పైకి చదువుతూ చేసేది. ఆ పూట స్వేచ్ఛా పతనం పాఠం. గోపురం మీద నుంచి రాయి జారవిడిస్తే ఎంతసేపటికి నేలను తాకుతుంది? గాలి అడ్డు లేదనుకోవాలి. తొలి వేగం సున్నా. ఎత్తును రెట్టింపు చేసి, గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీస్తే కాలం వస్తుంది.

అమ్మ లోపల రాగిపిండి జల్లిస్తూ ఉంది. "పడేదానికి కూడా లెక్కుండాదా?" అంది.

"మేమంతా ఫెయిలయ్యేది దాంట్లోనేమా."

"రాయికేనా? మనిషికి వేరే లెక్కా?"

"బరువుతో పని లేదు. రాయికైనా మనిషికైనా ఒకటే."

జల్లెడ చప్పుడు ఆగింది. "అయితే మీ నాయనకు లెక్క వెయ్యి," అంది అమ్మ.

నేను పక్కనే కూర్చుని పత్రికకు పంపవలసిన వార్త రాసుకుంటున్నాను. తలెత్తాను. నాయన గనిలో పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే పని చేసేవాడు. భూమి లోపల ఒక సొరంగపు లెవెల్ నుంచి కింది లెవెల్‌కు తొలిచిన నిట్టనిలువు దారిలో కాలు జారి పడిపోయాడు. ఇంటికి కబురు తెచ్చినవాళ్లు, "ఒక్క క్షణమేమ్మా, ఆయప్పకు తెలిసి కూడా ఉండదు," అన్నారు. అమ్మ ఆ మాట వింది. నమ్మిందో లేదో మాకు తెలియదు.

"ఎంతెత్తుమా?" చెల్లెలు అడిగింది.

"నూరడుగులు. ఆ లెవెలుకూ ఈ లెవెలుకూ అంతే కదా."

చెల్లెలు వేసింది. వేయనని అనగలిగేదే, కానీ అమ్మ అడిగిన తీరు అలాంటిది. నాలుగున్నర సెకన్లు వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లు అమ్మ నా చేతి గడియారం అడిగి తీసుకునేది. గుమ్మంలో నిలబడి, బంగారం తీసేశాక మిగిలిన మట్టిని పోసిన సైనైడు దిబ్బ వైపు తిరిగి, సెకన్ల ముల్లును చూస్తూ పెదవులు కదిపేది. నాయన పడిన బాధను కొలుస్తోందనుకున్నాను. చెల్లెలూ అలాగే అనుకుని అన్నం సరిగా తినడం మానేసింది. నేను చెప్పకుండా ఉండాల్సింది అన్నా, అని నాతో పదేపదే అనేది.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తూనే నన్ను కుళాయి దగ్గరకు లాక్కుపోయింది. "తప్పు చేసినాను అన్నా. గురుత్వ త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిది అనేది మీటర్లకు. నేను అడుగులకు పెట్టినాను. అడుగులైతే ముప్పై రెండు పెట్టల్ల."

గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్లవుతున్నా మా ఇళ్లలో లోతంటే అడుగులే. బళ్లో మాత్రం మీటర్లు. వేరే ఊరి పిల్ల అయితే అడుగులని వినగానే మీటర్లలోకి మార్చుకునేది. మా గని కూలీల లైను ఇళ్లలో పెరిగినవాళ్లకు నూరంటే నూరే, మార్చాలని తట్టదు.

"సరిగ్గా వేస్తే?"

"రెండున్నర."

మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది. దాదాపు సగం తగ్గింది కదా. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంటే చెల్లెలు పక్కన చేరి, తప్పెక్కడ జరిగిందో, మీటరంటే ఎన్ని అడుగులో అన్నీ విడమరిచి చెప్పింది. చివరకు, "అంతసేపు పట్టలేదుమా. రెండున్నరే," అంది.

అమ్మ పొయ్యిలోని పుల్లను వెనక్కి లాగింది.

"నాలుగున్నర అంటే గడియారం పెట్టుకోని చూసినాను. ముందు నిన్ను తలుచుకోనుంటాడు, చిన్నదానివి కదా. ఆమైన మీ అన్నను. కడాకు నన్ను. సరిగ్గా చాలినాది." ఎసరు మూత తీసి చూసింది. "ఇప్పుడు రెండున్నర అంటావు. ఇంగ ఎవర్ని తీసేసేది?"

చెల్లెలు కళ్లు తుడుచుకుని, "గాలి అడ్డు పడుతుందిమా," అంది. "పుస్తకంలో దాన్ని లెక్కలోకి తీసుకోరు. నిజానికైతే ఇంకొంచెం ఎక్కువే పడుతుంది."

"ఎంత?"

చెల్లెలు నా వైపు చూసింది. అది ఎంత తక్కువో ఆమెకు తెలుసు.

"కొంచెమేమా."

"చాలదులే," అంది అమ్మ. ఎసట్లో పిండి పోసి కెలకడం మొదలుపెట్టింది. సంకటి గట్టిపడి కట్టె తిరగడం కష్టమయ్యాక, మా వైపు చూడకుండానే అంది: "నన్ను తీసేస్తే సరిపోతాది. మీరిద్దరూ ఉండండి."