పులిపిర్లకు అడిగిన ప్రశ్నలు

మా మనవరాలు హోమియో సీసా మూత తీసింది. ఆ స్పిరిట్ వాసనకి, ఈ వయసులో కూడా, నా కుడిచెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది.

అవి తెల్లదొరల రోజులు. నాకు ఎనిమిదేళ్లు. కుడిచేతి వేళ్ల మీద అయిదు పులిపిర్లు లేస్తే, నాన్నగారు ఏలూరులో హోమియో డాక్టరు గారికి చూపించారు. ఆయన నా చెయ్యి ఒక్కసారి చూసి వదిలేసి, కలం సిరాలో ముంచి ప్రశ్నలు మొదలుపెట్టారు. పులుపు ఇష్టమా, చలికి ఓర్చుకుంటావా అంటూ నా జవాబులన్నీ పుస్తకంలో రాసుకున్నారు.

"నీకు దేనికి భయమమ్మా? కలలో ఏం కనిపిస్తుంది?"

మందు ఎంచడానికి అలాగే అడుగుతారని నాకేం తెలుసు? నా నేరం బయటపడిందనుకున్నాను. కొల్లేటి ఒడ్డున, అమ్మమ్మగారి ఊళ్లో, తాటిదోనె తాడు విప్పింది ఆ వేళ్లే. దోనె కొట్టుకుపోయింది. నాన్నగారి చేతి దెబ్బలు మాత్రం అన్నయ్య తిన్నాడు. పులిపిర్లు అందుకే లేచాయని నా నమ్మకం. నాన్నగారేమో పక్కనే కూర్చున్నారు. కుడిచెయ్యి వీపు వెనక దాచేసుకున్నాను.

డాక్టరు గారు నా మొహం చూసి, "ఏవండీ, మీరు కాసేపు అరుగు మీద కూర్చుంటారా?" అన్నారు నాన్నగారితో.

ఆయన గడప దాటగానే, "దోనె విప్పింది అన్నయ్య కాదండీ, నేనండీ!" అని ఏడ్చేశాను.

డాక్టరు గారు ఆ మాట రాసుకోలేదు. కలం పక్కన పెట్టి, నాలుగు తియ్యటి మాత్రలు నా నాలుక మీద వేశారు.

"ఇవి పులిపిర్లకమ్మా. ఆ సంగతి అన్నయ్యకి నువ్వే చెప్పు."

పులిపిర్లు మూడు నెలల్లో రాలిపోయాయి. అన్నయ్యకు చెప్పడానికి మాత్రం నాకు నలభై ఏళ్లు పట్టింది.