పళ్లు బిగిస్తే వెలిగిన తెర

ఏళ్ల తరబడి ఒక మాట నా నోట్లోనే ఉండిపోయింది. చెప్పాల్సినవాడికి ఆ రోజే చెప్పేసి ఉంటే రెండు క్షణాల్లో అయిపోయేది. చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు ఏడీహెచ్‌డీ ఉందన్నారు డాక్టర్. కుదురుగా కూర్చోలేకపోవడం, చదువుతున్న వాక్యం మధ్యలోంచే మనసు ఎటో వెళ్లిపోవడం. అప్పటిదాకా మా ఇంట్లో వాటి పేరు పొగరు. అమ్మకు మందులంటే భయం. ఎవరో చెబితే మారేడ్‌పల్లిలో న్యూరోఫీడ్‌బ్యాక్ చేసే చోటికి తీసుకెళ్లింది. తలకి జిగురు పూసి తీగలు అతికిస్తారు. ఎదురుగా తెర మీద కార్టూన్. మనసు నిలిస్తే బొమ్మ వెలుగుతుంది, చెదిరితే మసకబారుతుంది. అలా మెదడు మెల్లగా నిలకడ నేర్చుకుంటుందట. నా బొమ్మ ఎప్పుడూ మసకే. అద్దం తలుపు అవతల కూర్చున్న అమ్మ ముఖమూ అంతే.

ఒకరోజు ఉక్రోషం వచ్చి వెనక పళ్లు గట్టిగా బిగించాను. తెర ఒక్కసారిగా వెలిగింది. వదిలాను, మసకబారింది. మళ్లీ బిగించాను. దవడ కండరాల బిగువును ఆ యంత్రం మెదడు చురుకుదనం అనుకుంటోందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. తీగలు అతికించి, పక్కనుండి కనిపెట్టి చూడాల్సిన అక్కడి ఉద్యోగిని ఫోన్‌లో మాట్లాడుకుంటోంది. నాకు తెలిసిందల్లా ఒకటే, పళ్లు బిగిస్తే అమ్మ నవ్వుతుంది. ఏ పరీక్షలోనూ అక్కరకు రాని నా తెలివి అక్కడ మాత్రం ఫస్ట్ క్లాసులో పాసైంది.

అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. కింది వాటా వాళ్లకు కూడా. వాళ్ల అబ్బాయి నాకన్నా చిన్నవాడు. అసలు పేరు వద్దు, చిన్నా అందాం. వాడిదీ నా సమస్యే. వాళ్లమ్మ వాణ్నీ అక్కడే చేర్పించింది. వాడి బొమ్మ వెలగలేదు. "పైనింటి అక్కకొచ్చింది, నీకెందుకొస్తలేదురా?" అని ఆవిడ అరుపు మా వంటింట్లోకి వినబడేది. నేను రేడియో పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం వాడు మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. జుట్టులో ఇంకా ఆ జిగురు ఉంది.

"అక్కా, జెర నిజం చెప్పు. నువ్వెట్ల చేసినవ్?"

"ఏముందిరా, మనసు పెట్టి చూడాలి. అంతే."

"పెడ్తనే ఉన్న అక్కా. ఎంత పెట్టినా అయితలేదు. నా తలకాయే ఖరాబున్నదేమో."

"ఇంకొంచెం గట్టిగా పెట్టు."

వాడు అరచేత్తో నుదుటి మీద కొట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? అమ్మకు తెలిసిపోతుందన్న భయమా? అవునని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకన్నా వెనకబడినవాడు ఒకడు దొరికాడు. వాణ్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నాకైనా ఏం మిగిలింది? బాగైపోయిందని అమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మానేసింది. ఇంటర్ పరీక్ష హాల్లో అక్షరాలు కళ్ల ముందే చెదిరిపోతుంటే ఎవరికి చెప్పను? నయమైపోయినదాన్ని కదా. ఆ చికిత్స మంచిదా కాదా అని నన్నడగకండి. కొందరికి పనిచేస్తుందేమో. నేను దాన్ని అసలు చేయించుకోనే లేదు. ఇప్పుడు చిలకలగూడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. గది నిండా సగంలో వదిలేసిన పనులే. నాకు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరు. తెలియగలిగినవాడు ఒక్కడు ఉండేవాడు.

పోయిన నెల బేగంపేట మెట్రో స్టేషన్‌లో వాడే కనబడ్డాడు. మెడలో ఆఫీసు కార్డు, పక్కన స్నేహితుడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "గీ అక్క గురించే చెప్పిన నీకు. తన మైండ్‌ను తనే సెట్ చేసుకుంది. నాతోని కాలేదు," అన్నాడు స్నేహితుడితో. ఎగతాళి కాదు, నిజమైన మెచ్చుకోలు. ఇన్నేళ్లూ అదే నమ్మి బతికాడు. రైలొచ్చింది. నేనూ అదే ఎక్కాలి. ఎక్కలేకపోయాను. వాడు లోపల్నుంచి చెయ్యి ఊపితే నవ్వాను, వెనక పళ్లు బిగుసుకునే ఉన్నాయి.

వాడి నంబర్ నా దగ్గర లేదు. ఉన్నా చేస్తానన్న నమ్మకం లేదు. మీరు క్షమించాలనీ అడగను, అది మీ చేతిలో పని కాదు. కానీ ఆ మాట ఒక్కసారి బయటికి అనేస్తే నా దవడ కాస్త వదులవుతుందేమో చూడాలి.

చిన్నా, నేను పళ్లు బిగించానురా. అంతే చేశాను. నీ తలకాయ ఖరాబు కాలేదు.