మూడు నీళ్ళలో ఉడికిన కోడి

తొంభైలు ఇంకా రాకముందు మాట. సిడ్నీ పడమటి శివారులో ఉండేవాళ్ళం. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడైపోయి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఎవరిదైనా కిడ్నీ దొరికేదాకా మనిషిని జాగ్రత్తగా నిలబెట్టుకోమన్నారు ఆస్పత్రివాళ్ళు. ఉప్పు కూడదు. నీళ్ళు కొలిచి తాగాలి. బంగాళాదుంపలైనా సరే, వాటిలో పొటాషియం పోవడానికి ముక్కలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి పెట్టాలి. నేను అసలే మొండిదాన్ని. బతికించుకుని తీరతానని పంతం పట్టాను. కిడ్నీ దొరికేదాకా మాంసం ముట్టనని ప్రభువుకి మొక్కుకున్నాను కూడా.

పక్కింట్లో ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేది. ముసలివాళ్ళ హోములో వంట పని. శనివారం మధ్యాహ్నాలు పెరట్లో బొగ్గుల మీద కోడి కాళ్ళు కాల్చేది. వెనిగరు, నిమ్మరసం, వెల్లుల్లి, నిమ్మగడ్డి పట్టించి, కాలుతున్నంతసేపూ ఎర్రటి నూనె పూసేది. ఆ వాసనకి మా ఆయన కంచె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆవిడ ఒక కాలు విడిగా రేకు కాగితంలో చుట్టి, "దిస్ వన్ ఫర్ హిమ్, సిస్టర్" అని నాకు అందించేది. థాంక్స్ అనేసి లోపలికి వచ్చేసేదాన్ని. ఆవిడని ఇంకో మాట మాట్లాడనిస్తే కదా!

ఆ కాలుని నేనేం చేసేదాన్నో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. తోలు ఒలిచేసి, కండ పీకి, మూడు నీళ్ళు మార్చి ఉడకబెట్టి, మిగిలిన తెల్లటి పీచు ఆయన పళ్ళెంలో పెట్టేదాన్ని.

"ఇందులో ఉప్పు లేదే తల్లీ! ఆవిడే చెప్పింది. కావాలంటే నువ్వు ఒక్క ముక్క నోట్లో వేసుకుని చూడు," అన్నారు మొదటిసారి.

"నాకు మొక్కుంది. అయినా దొంగచాటుగా ఐసు ముక్కలు చప్పరించే మనిషి మాట నేను నమ్మాలా? తినండి."

ఐసు సంగతి నిజమే. ఆస్పత్రిలో బరువు చూసినప్పుడు బయటపడింది. అందుకే ఆయన తల వంచుకుని తిన్నారు. ఆ తర్వాత ప్రతి శనివారం అలాగే తిన్నారు, ఏడాది పైగా.

కిడ్నీ దొరికిందని ఫోను రానేలేదు. ఒక ఎండాకాలం పొద్దున డయాలసిస్ కుర్చీలోనే ఆయన గుండె ఆగిపోయింది.

సమాధి చేసి వచ్చాక మొదటి శనివారం ఆవిడ గుమ్మంలో నిలబడింది. చేతిలో అదే రేకు పొట్లం. అలవాటు కొద్దీ ఆయన వంతు కూడా కాల్చేశానని, ఏం చెయ్యాలో తెలియక తెచ్చానని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంకెక్కడి మొక్కు! ఆవిడ వెళ్ళాక వంటింట్లో నిలబడి కొరికాను. పొగ వాసన, పులుపు, వెల్లుల్లి ఘాటు. అబ్బ, ఎంత బాగుందో! ఉప్పు మాత్రం లేదు. నా మొండితనం తగలెయ్య, ఇంకో పక్క కొరికాను. అక్కడా లేదు. ఎముక దాకా వెతుక్కుంటూ తిన్నాను. ఒక్క ఉప్పు కల్లు లేదు.