చిన్నాయన నవ్వు పక్కన లినక్స్

ఈ కాలం పెండ్లిండ్లలో నాకు గిట్టనిది ఒకటే. తాళి కట్టేటప్పుడు పెండ్లికొడుకు కనపడడు, కెమెరావాళ్ల వీపులు కనపడతాయి. మనం వేసిన అక్షింతలు వాళ్ల బట్టతలల మీద పడతాయి. మా దీవెనల పుణ్యాన జమ్మలమడుగు కెమెరావాళ్లందరూ పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు.

సరే, అది పక్కన పెట్టండి. నేను చెప్పబోయేది అంతకంటే పెద్ద నాశనం. చేసింది నేనే కాబట్టి వివరాలు బాగా తెలుసు.

మా చిన్నాయనది పెద్దముడియం దగ్గర పల్లె. ఊర్లో ఒక పార్టీకి ముందు నిలబడే మనిషి. అందుకే ఫోటో దిగేవాడు కాదు. సిగ్గు కాదు, జాగ్రత్త. ఎదురు పార్టీవాళ్లు బయటూరి మనుషుల్ని పంపాలంటే ముఖం గుర్తుకు ఒక ఫోటో కావాలి కదా. రేషన్ కార్డులో ఆయన చోట ఒక నల్లటి మచ్చ ఉండేది. దాన్ని పట్టుకొని వెతికితే ఊర్లో ఎవరినైనా చంపొచ్చు.

ఒక్కసారి దొరికిపోయినాడు. జమ్మలమడుగులో మా అక్క పెండ్లి. నోట్లో లడ్డు పెట్టుకొని, ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వుతాండగా కెమెరావాళ్లు వీడియో తీసినారు. తెల్లారి చిన్నాయన మనిషిని పంపి ఆ ముక్క చెరిపించినాడు. అంతలోపలే నేను దాన్ని నా లాప్‌టాప్‌లోకి ఎక్కించుకొని ఉన్నా.

మరుసటేడు ఆయన కామెర్లతో పోయినాడు. మంచం మీద చావు. ఊర్లో చాలామంది నమ్మలేదు.

అప్పటినుంచి చిన్నమ్మ ప్రొద్దుటూరుకు ఏ పని మీద వచ్చినా మా ఇంటికి వచ్చేది. "అబ్బీ, ఒకసారి పెట్రా," అనేది. పెట్టేవాణ్ణి. భజంత్రీల మోతలో మాటలు వినపడవు, నవ్వు మాత్రం కనపడుతుంది. "ఏమన్నార్రా ఆయన్ను, అంతగా నవ్వుతాండాడు?" అనేది ప్రతిసారీ. ఆ తర్వాత బస్సుకు పోయేది.

ఇక లాప్‌టాప్ సంగతి. దుకాణంలో అన్నిటికంటే చవకది. ఆన్ చేసి, పోయి ఉగ్గాని తిని, చేయి కడుక్కొని వస్తే తెరుచుకునేది. పులివెందుల నుంచి వచ్చి మా కాలేజీలో చదివే ఖాదర్‌కు దాన్ని చూస్తే జాలేసింది.

"విండోస్ మాదిరిదే ఇంకోటి ఉంది, లినక్స్ అని. అది ఎక్కిద్దామప్పా. గుర్రం మాదిరి పరిగెత్తుతాది."

"ఉన్న విండోస్ ఏమైతాది?"

"దాని పాటికి అది ఉంటాది. డిస్కు మధ్యలో హద్దు రాయి నాటుతాం. ఈ పక్క అది, ఆ పక్క ఇది. నీకు ఏది కావాలంటే అది తెరుచుకో."

హద్దు రాయి నాటినాక రెండు పక్కలవాళ్లూ సుఖంగా బతికిన ఊరు మా తాలూకాలో నేను చూడలేదు. ఆ మాట అప్పుడే తట్టి ఉండాల్సింది.

"చిన్నాయన వీడియో ముందు ఇంకో చోట పెట్టుకుంటే?"

"నా మీద నమ్మకం లేదా?"

మాట అంతవరకు వచ్చినాక మా పక్క ఎవరూ ఇంకో కాపీ తీసుకోరు.

మొదలుపెట్టినాం. కొంతసేపటికి తెర రెండు దారులు చూపించింది. పక్కపక్కన ఉంచాలా, ఉన్నదంతా తుడిచేయాలా అని. కింద పెద్ద హెచ్చరిక.

"ఏందో శానా అడుగుతాంది ఖాదరూ."

ఖాదర్ ఫోన్‌లో ఉన్నాడు. "అడగనీప్పా. ఒప్పుకుంటా పో."

ఇక్కడ మా ఊరి చదువు గురించి ఒక మాట. మాకు ఓటంటే చదివి వేసేది కాదు. నా మొదటి ఓటుకు వేలికి సిరా నాకు పూసినారు, మీట పార్టీ ఏజెంటు నొక్కినాడు. కష్టం ఇద్దరం పంచుకున్నాం. ఆ శిక్షణలో పెరిగిన చేయి ఇది. దేనిమీద ఉందో చూడకుండా గుద్దినా.

లినక్స్ నిజంగా గుర్రం మాదిరే లేచింది. గుర్రం తప్ప ఇంకేమీ లేదు.

"ఖాదరూ, విండోస్ యాడ?"

ఖాదర్ ఫోన్ జేబులో పెట్టి, వంగి, చాలాసేపు చూసినాడు. "ఏకగ్రీవమైపోయిందప్పా."

"చిన్నాయన?"

వాడు ఏవేవో వెతికే ప్రోగ్రాములు వేసినాడు. అక్క పెండ్లి వీడియో నుంచి సగం అరిటాకు బొమ్మ ఒకటి దొరికింది. "పాతిల్లు పడగొట్టి, దాని మీద మిద్దె కట్టి, పాత తలుపు యాడుందంటే నేనేం చెప్పేది?" అన్నాడు. ఆ తర్వాత వాడు నమ్మకం గురించి నాతో మాట్లాడలేదు.

శనివారం చిన్నమ్మ వచ్చింది. నీళ్లు తాగి, కొంగుతో ముఖం తుడుచుకొని, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పెట్రా."

"కరెంటు లేదు చిన్నమ్మా."

ఆమె తలెత్తి పైకి చూసింది. "ఫ్యాను తిరుగుతాంది కదరా."

చెప్పేసినా. హద్దు రాయి, హెచ్చరిక, అరిటాకు, అన్నీ. ఆమె తెరను చూస్తానే ఉంది. నాకు నోరు ఆగలేదు.

"బ్రహ్మంగారి మఠం మీద ఒట్టు చిన్నమ్మా. ఈ జన్మలో ఏ మిషన్‌లోనూ రెండోదాన్ని ఎక్కించను. మొదటిదాన్ని గూడా దాన్ని అడక్కుండా ముట్టను."

చిన్నమ్మ లాప్‌టాప్ మూత మెల్లగా మూసింది. సంచి తీసుకొని లేచింది.

"మీ చిన్నాయన్ను లేకుండా చేయాలని ఎదురు పార్టీవోళ్లు ఏండ్లకేండ్లు కత్తులు పట్టుకొని తిరిగినార్రా. వాళ్లతో కాలేదు. నువ్వు కుర్చీలో కూచోని చేసినావు."